జానెడు దూరం

ఎనిమిదో లెన్సు ఫిల్టరు తుడిచాక అద్దాల మాస్టారి చెయ్యి అలవాటు కొద్దీ చొక్కా ఎడమ జేబు వైపు పోయింది. జేబు ఉంది గానీ దాని నోరు కుట్టేసి ఉంది. వేళ్ళు ఆ కుట్టుకు తగిలి, పొరపాటున పక్కింటి తలుపు తట్టిన మనిషిలా వెనక్కి వచ్చాయి. మాస్టారు చెయ్యి బారగా చాపి, బల్ల మీద అంటించిన తెల్ల టేపు గీతకు అవతల ఉన్న ట్రేలో ఆ గాజు బిళ్ళను పెట్టాడు. దాని అంచు చుట్టూ అయస్కాంతం ఉంది. అది 'టక్' మంటూ పక్క బిళ్ళను పట్టుకుంది.

ఇది రోజుకు యాభైసార్లు జరిగే తంతు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎడమ జేబులో ఫిల్టరు వేసుకున్న చేతికి నాలుగు నెలల కుట్టు ఏం లెక్క? మెదడుకు చెప్పొచ్చు, మందు రాసిచ్చిన డాక్టరుకు చెప్పొచ్చు, చేతికి ఎవరు చెబుతారు?

మాస్టారుకు అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి వంగి చూడటం వల్ల మెడ కొంచెం ముందుకు సాగింది. దారం కట్టిన కళ్ళజోడు ఎప్పుడూ రొమ్ము మీదే వేలాడుతుంది. కుడి బొటనవేలి గోరు ఒక్కటే పెంచుతాడు, రింగుల సందులో దూర్చడానికి. మిగతా వేళ్ళ చివర్లు ఎంత నున్నగా అరిగాయంటే, ఆ మధ్య ఏదో కార్డు కోసం వేలిముద్ర తీయబోతే యంత్రం ఒప్పుకోలేదు. "అయితే నేను లేనట్టేనా బాబూ?" అని అడిగితే, అక్కడి గుమస్తా తలెత్తకుండా "ఇంకో వేలు పెట్టండి" అన్నాడు.

కెమెరాలు, లెన్సులు, లైట్లు అద్దెకిచ్చే షాపు అది, ఫిల్టర్లు అమ్ముతారు కూడా. మెట్లెక్కి పైకి వస్తే ముందు గదిలో కౌంటరు, గోడల నిండా అద్దాల బీరువాలు. వెనక, తలుపు లేని చిన్న గదిలో మాస్టారి బల్ల. బల్ల పైన వైరుకు వేలాడే బల్బు. దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి ఒకటి, మెత్తటి కుంచె ఒకటి, తెల్లగుడ్డలు ఓ దొంతర. బయటికి వెళ్ళే ప్రతి ఫిల్టరూ ఈ బల్ల మీద నుంచే వెళుతుంది. తిరిగొచ్చినప్పుడు కూడా ముందు ఇక్కడికే వస్తుంది. గాజు మీద గీత పడిందా, అంచు సొట్టపోయిందా, వేలిముద్ర ఉందా, చూసి తుడిచి సంచీలో పెట్టడం మాస్టారి పని. ఈ పనికి పేరంటూ లేదు. జీతం చీటీలో 'ఇతర సిబ్బంది' అని ఉంటుంది.

చీటీల దొంతర మీద బరువుగా పెట్టుకున్న వస్తువు మాత్రం మాస్టారి సొంతం. పసుపు గాజు బిగించిన ఇత్తడి రింగు. నలుపూ తెలుపూ ఫొటోల కాలంలో ఆకాశంలో మబ్బులు తేలాలంటే లెన్సుకు ముందు ఇలాంటి పసుపు గాజు పెట్టేవాళ్ళు. చేరిన రోజున పెద్దాయన, అంటే షాపు పెట్టిన యజమాని, దీన్ని చేతిలో పెట్టి "బిగించు చూద్దాం" అన్నాడు. మాస్టారు గబగబా తిప్పాడు. మర అడ్డంగా ఎక్కి బిగుసుకుపోయింది. పెద్దాయన తిట్టలేదు. ఊడదీసి, "ముందు వెనక్కి తిప్పరా. తిప్పగా తిప్పగా ఒకచోట మర మరలోకి జారి టిక్ మంటుంది. చెవికి వినపడదు, వేలికి వినపడుతుంది. అప్పుడు ముందుకు తిప్పు" అన్నాడు. మాస్టారు నేర్చుకున్న విద్య అంతా ఆ ఒక్క టిక్కే. దాంతోనే పెళ్ళి చేసుకున్నాడు, ఇల్లు నడిపాడు, తల నెరిసింది.

ఈ అయస్కాంతం ఫిల్టర్లు వచ్చాక ఆ టిక్ లేదు. లెన్సుకు ఒక రింగు శాశ్వతంగా బిగించి వదిలేస్తారు. ఇక ఏ గాజు కావాలన్నా దగ్గరికి తెస్తే చాలు, అదే వెళ్ళి కూర్చుంటుంది. చంటిపిల్ల కూడా పెట్టగలదు. అయినా మాస్టారు వాటిని ఒక్క మాట అనలేదు. కాలం మారితే మారింది, బల్ల మారలేదు కదా అనుకున్నాడు.

నాలుగు నెలల కిందట బస్‌స్టాపులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. గుండె మధ్యమధ్య ఆగి కునుకు తీస్తోందన్నారు. ఎడమ భుజం ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెలో సగం ఉండే మిషను పెట్టి కుట్టారు. కుర్ర డాక్టరు మర్యాదగా చెప్పాడు: "గట్టి అయస్కాంతాలు ఏవైనా దీనికి జానెడు దూరంలో ఉంచండి. భయపడాల్సిందేం లేదు, దగ్గరికి తేకపోతే చాలు. ఏం పని చేస్తారు?"

"షాపులో కూర్చునే పని" అన్నాడు మాస్టారు.

అది అబద్ధం కాదు. షాపులో మాత్రం "పొట్టలో చిన్న ఆపరేషను" అన్నాడు. అది అబద్ధమే. భార్యకు ఒక్కదానికే రెండు వైపులా తెలుసు. ఆమె పోట్లాడింది, ఏడ్చింది, మూడు రోజులు మాట్లాడటం మానేసింది. నాలుగో రోజు పొద్దున ఆయన చొక్కాలన్నీ ముందేసుకుని, ఎడమ జేబులన్నీ కుట్టేసి, కుడి పక్క కొత్త జేబులు పెట్టింది. "మానెయ్యమంటే మీరు మానరు. కనీసం వీటినైనా మూయనివ్వండి" అంది. దారం రంగు కలవలేదు. మాస్టారు ఆ చొక్కాలే వేసుకుని వస్తున్నాడు.

టేపు గీత కూడా అప్పుడు అంటించిందే. బల్ల అంచు నుంచి చెయ్యి పరిచి జానెడు కొలిచి, పైన ఇంకో బెత్తెడు కలిపాడు. ఏమిటది అని అడిగినవాళ్ళకు "తుడిచినవి అటు, తుడవనివి ఇటు" అన్నాడు. నమ్మారు. మాస్టారు అబద్ధం ఆడతాడని ఎవరికీ తోచదు.

ఎందుకింత తంటా అంటే, ఇంటి దగ్గర ఆయనకు ఏమీ అనిపించడం లేదు. ఆపరేషను తరవాత అలా అయిపోయింది. కోపం రావడం లేదు. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోతుంది. కడుపు మాడటం లేదు, గడియారం చూసి తింటున్నాడు. గుండె గుభేలుమనాల్సిన చోట అది తన లెక్కన తాను కొట్టుకుంటూ పోతోంది. వేళ్ళకు ఒక్కటే ఇంకా తెలుస్తోంది. గాజు చల్లదనం, గుడ్డ మెత్తదనం, అంచులో ఇరుక్కున్న ఇసుక రేణువు. ఆ బల్ల కూడా పోతే ఇక తాను ఉన్నట్టు తనకెలా తెలుస్తుందో మాస్టారుకు అర్థం కాలేదు.

"మాస్టారూ, దొరికిందా?"

కౌంటరమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. జడ చివర వేలికి చుట్టుకుంటోంది, అంటే భయపడుతోందన్నమాట. మంచు ఫిల్టరు ఒకటి నిన్నటి నుంచి కనబడటం లేదు. వెలుతురు చుట్టూ పలచటి పొగమంచు కమ్మినట్టు చేసే గాజు అది. సినిమా పాటలవాళ్ళు అడుగుతారు. సంచీ ఉంది, లోపల ఖాళీ. మూడు రోజుల కిందట ఎవరో తిరిగిచ్చినట్టు చీటీ ఉంది. ఆ చీటీ మీద సంతకం ఈ అమ్మాయిది.

"ఇంకా లేదు. మళ్ళీ చూస్తున్నా."

"నేను లెక్కపెట్టే తీసుకున్నా మాస్టారూ. అన్నీ ఒకదానికొకటి అతుక్కుని దొంతరలా ఉన్నాయి. ఐదు. వేలు పెట్టి ఐదూ లెక్కపెట్టా."

"నువ్వు లెక్కపెట్టలేదని నేను అన్నానా?"

"మేడమ్ అంటున్నారు. సాయంత్రంలోపు దొరక్కపోతే రేపటి నుంచి రావద్దన్నారు." గొంతు తగ్గించింది. "మూడేళ్ళలో ఇది నాలుగో ఉద్యోగం. ఇదొక్కటే ఏడాది దాటింది."

"దొరుకుతుందిలే" అన్నాడు మాస్టారు. ఊరికే అన్నాడు. సొరుగులన్నీ రెండుసార్లు వెతికాడు, బల్ల కింద పాకి చూశాడు. ఇంకెక్కడ వెతకాలో తెలియలేదు.

పదకొండింటికి ఒక పంతులమ్మ వచ్చింది. మెడలో కెమెరా, భుజాన సంచీలో ఇంకో రెండు లెన్సులు. సెలవులొస్తే జలపాతాల ఫొటోలు తీస్తుందట. కొనేవాళ్ళు ఫిల్టర్ల గురించి ప్రశ్నలు మొదలెడితే కౌంటరమ్మాయి వాళ్ళను వెనక గదికి పంపేస్తుంది.

"మాగ్నెట్‌వి కొనాలా, తిప్పేవి కొనాలా అండీ? ఫోన్లో చూస్తే సగం మంది ఇవంటారు, సగం మంది అవంటారు. నా బుర్ర వేడెక్కిపోయింది."

"ఎన్నిసార్లు మారుస్తారమ్మా మీరు?"

"అంటే?"

"జలపాతం ముందు నిలబడ్డారు. నీళ్ళు పాలలా జారినట్టు రావాలంటే నల్లగాజు పెట్టాలి. ఇంతలో పిట్ట వచ్చి వాలింది. ఇప్పుడు నల్లగాజు తీసెయ్యాలి. మీరు తిప్పుకుంటూ కూర్చుంటే పిట్ట ఆగుతుందా? అలా మార్చేవాళ్ళకు మాగ్నెట్‌వి. పెట్టి మర్చిపోయేవాళ్ళకు తిప్పేవి చాలు, గట్టిగా ఉంటాయి. దేనికైనా గుద్దుకున్నా ఊడిపడవు."

పంతులమ్మ చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. మాస్టారు ఆమె లెన్సులు మూడూ వరసగా నిలబెట్టాడు.

"వీటిలో పెద్ద మూతి దేనిదో చూశారా? దాని కొలతకే గాజులు కొనండి. మిగతా రెంటికీ కొలత కలిపే మెట్టు రింగులు వేసుకుంటే అవే సరిపోతాయి. మూడు సైజులకూ మూడు సెట్లు అంటగట్టేవాడు మీ మంచి కోరేవాడు కాదు."

"మీరూ అమ్మేవారే కదండీ" అని నవ్వింది పంతులమ్మ.

"నేను తుడిచేవాడినమ్మా. అమ్మేవాళ్ళు ముందు గదిలో ఉన్నారు." మాస్టారు కొనసాగించాడు. "పెట్టెలో ఆరు గాజులు పెట్టి ఇస్తున్నారు, తీసుకోకండి. వాడేది రెండే. ఒకటి నల్లది, ఒకటి నీళ్ళ మీద మెరుపు తీసేది. ఒకదాని మీద ఒకటి మూడు ఎక్కించకండి, ఫొటో మూలలు నల్లబడతాయి. ఇసుకలో అసలు పెట్టకండి. ఇసుకలో ఇనుప రజను ఉంటుంది. ఈ అయస్కాంతం దాన్ని లాక్కుని గాజు గీసి పారేస్తుంది. ఇంకొక్కటి. తీసేటప్పుడు ఒకటి వచ్చిందో రెండు వచ్చాయో చూసుకోండి. ఇవి పలచగా ఉంటాయి. రెండు అతుక్కుంటే ఒకటే అనుకుంటాం. అంచు మీద గోరు లాగితే తెలుస్తుంది."

"అబ్బ, ఇది ఎవరూ చెప్పలేదండీ" అంటూ ఆమె ట్రేలోంచి ఒక గాజు చటుక్కున తీసి, "ఇది నల్లదేనా?" అని ఆయన ముఖం ముందుకు తెచ్చింది. మాస్టారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. కుర్చీ వీపు గోడకు కొట్టుకుంది.

"అయ్యో, ఏమైందండీ?"

"తుమ్ము వస్తోంది" అన్నాడు మాస్టారు. రాని తుమ్ము కోసం కాసేపు ముక్కు పైకెత్తి ఎదురుచూశాడు కూడా.

మధ్యాహ్నం ఒంటిగంటకు కుడి జేబులో ఫోన్ మోగింది. రోజూ మోగేదే.

"ఉన్నారా?" అంది భార్య.

"ఉన్నా."

"తిన్నారా?"

"తింటున్నా."

ఫోన్ పెట్టేసింది. ముందు రోజుల్లో ఈ మాటలకు ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు ఆమె అడిగి ఊరుకుంటోంది, ఆయన చెప్పి ఊరుకుంటున్నాడు. మాస్టారు డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కుని, ఖాళీ సంచీని ఇంకోసారి తిరగేసి చూశాడు.

నాలుగు గంటలప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఫ్యాక్టరీ ఫొటోలాయన వచ్చాడు. నలభై దాటిన బొద్దు మనిషి, వాతావరణం ఎలా ఉన్నా చెమట పట్టే రకం. యంత్రాలకూ, గోడౌన్లకూ, కంపెనీ పుస్తకాలకూ ఫొటోలు తీస్తాడు. పదేళ్ళుగా ఇక్కడే అద్దెకు తీసుకుంటున్నాడు, ఎప్పుడూ గొంతు పెంచిన మనిషి కాదు. ఇవాళ లోపలికి వస్తూనే లాప్‌టాప్ తెరిచి కౌంటరు మీద పెట్టాడు.

"మేడమ్‌ని పిలవండి. మాస్టారిని కూడా పిలవండి."

షాపు యజమానురాలు తన గదిలోంచి వచ్చింది. పెద్దాయన పోయాక ఆరేళ్ళుగా షాపు నడుపుతున్నది ఆయన కూతురే. పిల్లప్పుడు స్కూలు నుంచి వచ్చి మాస్టారి బల్ల కింద కూర్చుని హోంవర్కు రాసుకునేది. ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తుంది.

"చూడండి" అన్నాడు ఫొటోలాయన.

మూతపడుతున్న మిల్లు ముందు పనివాళ్ళందరూ నిలబడ్డ ఫొటో. ముందు వరస కుర్చీల్లో, వెనక వరసలు బల్లల మీద. నిన్నటితో ఆఖరి షిఫ్టు అయిపోయింది. ఫొటో నిండా పలచటి మంచు. వెనక కిటికీ అద్దాల్లో మెరిసిన ఎండ చుట్టూ తెల్లటి వలయాలు. ముఖాలు ఉన్నాయి గానీ కళ్ళెక్కడో ముక్కెక్కడో తేలడం లేదు.

"రెండు వందల పన్నెండు మంది" అన్నాడు ఫొటోలాయన. "ఎండలో చిన్న తెర మీద బాగానే కనపడింది. దుమ్ము పడకుండా క్లియర్ గాజు పెట్టుకున్నా అంతే. ఇంటికెళ్ళి పెద్దది చేసి చూస్తే ఇదీ సంగతి. మా బావమరిది మూడో వరసలో ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళు చేశాడక్కడ. వాడి ముఖం వాడే పోల్చుకోలేకపోయాడు."

"మళ్ళీ తీస్తే..." అంది యజమానురాలు.

"ఎవర్ని తీస్తారు మేడమ్? గేటుకు తాళం పడింది. సగం మంది నిన్న సాయంత్రమే బస్సెక్కారు." ఫొటోలాయన సంచీలోంచి ఫిల్టరు తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇదీ మీరిచ్చింది. క్లియర్ అని రాసుంది కదా అని నమ్మాను."

కౌంటరమ్మాయి జడ వేలికి చుట్టుకుంది.

మాస్టారు ఫిల్టరును చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ దాని అంచును పట్టుకున్నాయో లేదో, ఆయనకు తెలిసిపోయింది. మందం ఎక్కువ. వెంట్రుక వాసి కాదు, బాగా ఎక్కువ. గోరు అంచు మీద లాగాడు. సన్నటి సందు తగిలింది. రెండు బిళ్ళలను వ్యతిరేక దిక్కుల్లో పక్కకు జరిపాడు. కాసేపు మొరాయించి, విడిపోయాయి. ఎడమ చేతిలో క్లియర్ గాజు. కుడి చేతిలో, నిన్నటి నుంచి షాపంతా వెతుకుతున్న మంచు ఫిల్టరు.

కౌంటరమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఐదు... ఐదూ ఉన్నాయి మాస్టారూ. నేను లెక్కపెట్టా."

"నువ్వు సరిగ్గానే లెక్కపెట్టావమ్మా" అన్నాడు మాస్టారు. "విడదీయాల్సినవాణ్ణి నేను. నాలుగే విడదీశాను."

ఫొటోలాయన ఈ సమాధానం ఊహించలేదు. తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలు ఆయన దగ్గరే ఉండిపోయాయి. "మీరా? మీరెలా చూడకుండా వదిలారు మాస్టారూ? కన్ను దగ్గర పెట్టి బల్బు వైపు చూడందే మీరు ఏదీ ఇవ్వరు కదా?"

అదే సంగతి. మంచు గాజో కాదో తెలియాలంటే కంటి దగ్గరికి తెచ్చి బల్బును చూడాలి, చుట్టూ వలయం కనపడితే మంచు. కంటి దగ్గరికి తేవడమంటే భుజం పక్క నుంచి పైకెత్తడం. నాలుగు నెలలుగా మాస్టారు ఆ పని చెయ్యలేదు. చెయ్యి బారగా చాపి, గీతకు అవతల, దూరం నుంచే చూసి, మిగిలింది వేళ్ళకు వదిలేశాడు. చాపిన చేతి వేళ్ళకు ఆ ఒక్కటీ తెలియలేదు.

ఆయన మళ్ళీ లాప్‌టాప్ వైపు చూశాడు. ఈ నాలుగు నెలలుగా ఇల్లూ వాకిలీ భార్యా అన్నీ తనకు ఇలాగే కనపడుతున్నాయి. ఇంత సరిగ్గా ఎవరూ ఫొటో తీసి చూపించలేదు. ఆ మాట పైకి అనలేదు. అంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మూడో వరసలో ఫొటోలాయన బావమరిది ఎవరో వెతికాడు, దొరకలేదు. అప్పుడు మాత్రం లోపల ఎక్కడో కలుక్కుమంది. నాలుగు నెలల తరవాత మొదటిసారి. నొప్పి కాదది, సిగ్గు.

"బాబాయ్" అంది యజమానురాలు. "చీటీ మీద ఈ అమ్మాయి సంతకం ఉంది. మీరు ఎవరినో కాపాడాలని..."

"కాదమ్మా." మాస్టారు గాజులు రెండూ కౌంటరు మీద, తనకు దూరంగా పెట్టాడు. కుట్టిన జేబు మీద వేలు ఆనించాడు. "ఇక్కడ మిషను పెట్టారు. గుండెకు. పొట్ట ఆపరేషను కాదది. అయస్కాంతం జానెడు దూరంలో ఉంచమన్నారు. అందుకే దగ్గరగా చూడటం మానేశాను."

ఫొటోలాయన లాప్‌టాప్ మూత నెమ్మదిగా వేశాడు. వేసి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ తెరిచాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది యజమానురాలు.

"చెబితే కూర్చోనిచ్చేదానివా?"

ఆమె కళ్ళు వెనక గదిలోకి, బల్ల మీది తెల్ల గీత వైపు వెళ్ళాయి. అది ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది. రోజూ దాని పక్క నుంచే నడిచింది తను.

"కౌంటర్లో కూర్చోండి బాబాయ్" అంది. ఆ మాట అంటూనే చుట్టూ చూసింది. అద్దాల బీరువాల నిండా అయస్కాంతాల రింగులే, లైట్ల స్టాండ్లకూ అవే, చివరికి కౌంటరు సొరుగు తలుపుకు కూడా. ఆమె మాస్టారి వైపు తిరిగింది. "రేపటి నుంచి మరి..."

"రానులే" అన్నాడు మాస్టారు.

ఆమెకు కన్నీళ్ళొచ్చాయి. మాస్టారుకు రాలేదు. రావాల్సిన చోటే అని తెలుసు, కాసేపు ఎదురుచూశాడు, పొద్దుట తుమ్ము కోసం చూసినట్టే. తరవాత ఫొటోలాయన వైపు తిరిగి, "తప్పు నాదే బాబూ. మీ బావమరిదికి చెప్పండి" అన్నాడు. ఫొటోలాయన తలూపాడు. పోట్లాడటానికి వచ్చిన మనిషి, వెళ్ళేటప్పుడు మాస్టారి మోచేతిని పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మెట్లు దిగిపోయాడు.

ఐదున్నరకు మాస్టారు బల్ల సర్దాడు. గుడ్డలు మడత పెట్టాడు. ట్రేలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే విడదీసి సంచీల్లో వేశాడు. మంచు ఫిల్టరును దాని సంచీలో పెట్టి, సంచీ మూసి, మళ్ళీ తెరిచి ఒకటే ఉందో లేదో గోరుతో చూసి మూశాడు. కౌంటరమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది, చెంపల దగ్గర జుట్టు తడిగా ఉంది.

"ఇటు రా" అన్నాడు మాస్టారు.

బీరువాలోంచి పాత లెన్సు ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు. చీటీల మీది ఇత్తడి రింగు కూడా తీసి ఇచ్చాడు. "బిగించు."

ఆ అమ్మాయి గబగబా కుడివైపు తిప్పింది. మర అడ్డంగా ఎక్కింది.

"ఊడదీ. ఇప్పుడు వెనక్కి తిప్పు. నిదానంగా. ఎక్కడో ఒకచోట టిక్ మంటుంది."

ఆమె తిప్పింది. నుదురు ముడిపడింది. "ఏం లేదు మాస్టారూ."

"తిప్పుతూనే ఉండు. చూడకు. వేలితో విను."

ఆమె కళ్ళు మూసుకుంది. ఇంకో అర చుట్టు తిప్పింది. ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది. "అయ్‌బాబోయ్! వచ్చింది!"

"ఆఁ. ఇప్పుడు ముందుకు."

రింగు వెన్నలోకి దిగినట్టు దిగింది. ఆమె నవ్వింది, వెంటనే ఇప్పుడు నవ్వకూడదేమో అనుకుని ఆపుకుంది. "ఇప్పుడన్నీ మాగ్నెట్‌వే కదా మాస్టారూ, ఇది దేనికి పనికొస్తుంది?"

"దేనికీ పనికిరాదు" అన్నాడు మాస్టారు. "ఊరికే తెలిసి ఉంటుంది, అంతే."

డబ్బా సంచీలో వేసుకుని, గోడకు తగిలించిన గొడుగు తీసుకున్నాడు. యజమానురాలి గది తలుపు మూసి ఉంది. ఫోన్లో మాట్లాడుతున్నట్టు గొంతు వినపడుతోంది, లేదా ఏడుస్తోందేమో. తట్టాలా అని ఒక్క నిమిషం నిలబడి, మెట్ల వైపు నడిచాడు. మూడు మెట్లు దిగాక ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. చేతిలో ఇత్తడి రింగు ఉంది.

"మాస్టారూ, ఇది మీది. మర్చిపోయారు."

మాస్టారు దాని వైపు చూశాడు. చెయ్యి చాపబోయాడు. ఇంటికి తీసుకెళితే ఎక్కడ పెట్టాలో తోచలేదు. చీటీలు లేని ఇల్లు అది.

"అక్కడే ఉంచు" అన్నాడు. "ఫ్యాను వేస్తే చీటీలు ఎగురుతాయి."

వీధిలో ఇంకా ఎండ ఉంది. ఇంత వెలుతురులో ఆ వీధిలో నడిచి ఎన్నేళ్ళయిందో. చెప్పుల షాపువాడు బయట కుర్చీలు వేసి నీళ్ళు చల్లుతున్నాడు. మందుల షాపు మెట్ల మీద ఎవరో పిల్లను ఎత్తుకుని నిలబడ్డారు. బస్‌స్టాపులో, నాలుగు నెలల కిందట పడిన చోటే నిలబడి, మాస్టారు ఫోన్ చేశాడు.

"వస్తున్నా."

"ఇప్పుడా?" అంది భార్య. "ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. పని అయిపోయింది."

ఆమె మెల్లగా, "ఇవాళ్టికా?" అంది.

"పూర్తిగా" అన్నాడు మాస్టారు. బస్సు వచ్చింది. ఆయన ఎక్కి, ఎడమ చెయ్యి పైకెత్తకుండా కుడి చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున కౌంటరమ్మాయి ఆ బల్ల దగ్గర కూర్చుంది. బల్బు వేసింది. టేపు గీతను గోటితో కొంచెం లేపి, ఆగి, మళ్ళీ నొక్కేసింది. తన చేతులు పొట్టివి, ట్రే అందీ అందకుండా ఉంది. రెండు చేతులా పట్టుకుని దాన్ని గీత దాటించి రొమ్ము దగ్గరికి లాక్కుంది. ట్రేలో బిళ్ళలన్నీ కదిలి, టక్ టక్ మంటూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ట్రే అంచు రాసుకుంటూ పోయినా, పసుపు గాజున్న ఇత్తడి రింగు మాత్రం ఏ అయస్కాంతానికీ అందకుండా, నిన్నటి చీటీల మీద ఉన్నచోటే ఉంది.